నలభై సెకన్ల ఈల

ఆ రికార్డుల ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకు ఒక్కడికే తెలుసు. మిగతా అందరికీ ఆమె చెవులమ్మ. చాటున కాదు, ఎదురుగానే అలా పిలిచేవారు, ఆమె పలికేది. కోపమెందుకు? ఇరవై ఆరేళ్లుగా ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ చెవుల పుణ్యాన్నే.

పెద్ద నల్లటి గ్రామఫోను ప్లేట్లు అచ్చువేసే ఫ్యాక్టరీ అది. కాలం చెల్లిపోయిందనుకున్న ప్లేట్ల మీద కుర్రకారుకు మళ్లీ మోజు పుట్టింది గనక మూతపడకుండా బతికి బట్టకట్టింది. ఏ ఆల్బమ్ అయినా మొత్తం అచ్చువేసే ముందు మూడు నమూనా ప్లేట్లు తీస్తారు. వాటిని చెవులమ్మ వినాలి. ఆమె గది గోడలకు నురుగు దిండ్లు అంటించి ఉంటాయి. లోపల ఒక బల్ల, ప్లేయరు, హెడ్‌ఫోన్లు, సన్నగా చెక్కిన పెన్సిలు, లోపాల కాగితం. కళ్లు మూసుకుని వింటుంది. ఎన్నో నిమిషంలో ఎన్నో సెకనులో టిక్కుమందో, గరగరమందో, మోటారు గుర్రుమందో రాస్తుంది. పాట ఎలా ఉందని ఎవరైనా అడిగితే, తాను పాట వినలేదని, ప్లేటు విన్నానని చెప్పేది. గొప్పకు చెప్పిన మాట కాదు. నిజంగానే ఆమెకు పాటలు పట్టేవి కావు. ఇంట్లో దర్జీ మొగుడు రేడియో పెట్టుకుని మిషను తొక్కుతుంటే, వంటింట్లోంచి ఆమెకు వినబడేది పాట కాదు, మిషను బెల్టు వదులైన చప్పుడు.

ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. లోపాల కాగితం మీద రెండో మనిషి కూడా విని సంతకం పెట్టాలి. ఆ సంతకం కోత మాస్టారిది. ప్లేటు మీద గాడి కోసే యంత్రం నడిపేది ఆయనే. మొదటి రెండేళ్లు ఆయన నిజంగానే విని పెట్టాడు. ఒక్కసారైనా ఆమె మాట తప్పైతే ఒట్టు. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రెండుసార్లు తలూపి, పెట్టేసేవాడు. ఎవరో గాయని చేతి గాజు మైకుకు తగిలిన చప్పుడు కూడా చెవులమ్మ పట్టేసిందని మేనేజరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ప్రతిసారీ కథలో గాజులు పెరిగేవి.

ఇలాంటి చోటికి వచ్చారు ‘ఊబి’ వాళ్లు. ఊబి అనేది వాళ్ల బృందం పేరు. ఇంకేం పేర్లు దొరకలేదు కాబోలు. పాత జానపద బాణీలు పట్టుకొచ్చి, సాగదీసి, మెలిపెట్టి, మధ్యలో తాళం మార్చి, ఒక్కో పాటను పది పన్నెండు నిమిషాల చీకటి కథ చేసి పాడతారు. ఒక గాయని, ఒక ఫిడేలు కుర్రాడు, బేస్ గిటారు వాయించే ఒక పొడుగాటి మనిషి, గడ్డం డ్రమ్మరు. మొదటి ఆల్బమ్ పేరు ‘నీళ్ల కింద ఇల్లు’. ఉన్నవి ఆరే పాటలు, చివరిది పద్దెనిమిది నిమిషాలు.

బృందం ఫొటోలో కనబడని అయిదో మనిషి ఒకతె ఉంది. గాయని చెల్లెలు. ఇరవై మూడేళ్లది, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుండే పిల్ల. రికార్డింగంతా ఆమె పనే. ఒక ఖాళీ గోడౌన్ కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాను రెక్కలకు తాళ్లు కట్టి, ఎదురింటి వాళ్లను మిక్సీ వెయ్యొద్దని బతిమాలి, నాలుగు నెలలు కూర్చుని చేసింది.

చివరి పాట కథ ఇది. ఇల్లు నీళ్లలో మునిగిపోయిన ఒక తల్లి గట్టు మీద నిలబడి లోపలివాళ్లను పేరు పేరునా పిలుస్తుంది. పిలిచి పిలిచి, జవాబు వస్తుందేమోనని చెవి ఒగ్గుతుంది. అక్కడ పాట మొత్తం ఆగిపోతుంది. నలభై సెకన్లు ఏమీ ఉండదు. ఆ తర్వాత డ్రమ్ము మీద ఒక్క దెబ్బ పడి, ఫిడేలు మళ్లీ లేస్తుంది. ఆ నిశ్శబ్దం చెల్లెలి ఆలోచన. యంత్రంలో ఖాళీ జాగా వదిలేయలేదు. అందరినీ ఊపిరి బిగబట్టి నిలబడమని, గోడౌన్లోని నిశ్శబ్దాన్నే రికార్డు చేసింది.

చెవులమ్మ మొదటి నమూనా విన్న పూట ఆమెకు ఎన్నడూ లేనిది జరిగింది. పాట వినబడింది. ఆ తల్లి పిలుపు మొదలయ్యేసరికి పెన్సిలు కాగితం మీద ఆగిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక తన మీదే తెచ్చుకుంది. పాట ఆగిపోగానే ఆమె కూడా ఆ తల్లితో పాటు ముందుకు వంగి విన్నది. అప్పుడు వినబడింది, సన్నగా, పైస్థాయిలో, తెగకుండా ఒక ఈల. ‘హమ్మయ్య, లోపం దొరికింది’ అని నిజంగానే ఊపిరి పీల్చుకుంది. కాగితం మీద ‘చివరి పాట, నిశ్శబ్దంలో ఈల’ అని రాసింది. మాస్టారు తలూపి సంతకం పెట్టాడు.

అచ్చు మీద దుమ్ము అనుకుని కొత్త అచ్చు చేశారు. ఈల పోలేదు. కోతలో పొరపాటనుకుని మాస్టారు మొత్తం మళ్లీ కోశాడు. ఈల అలాగే ఉంది. ఇక మిగిలింది ఒకటే, అసలు రికార్డింగే. మేనేజరు బృందాన్ని పిలిపించి విషయం చెప్పాడు. ఆల్బమ్ విడుదలకు హాలు మాట్లాడుకున్నారు, మనుషులను పిలుచుకున్నారు, తీరా చూస్తే ఇది.

అందరూ చెవులమ్మ గదిలోకి వచ్చి వంతులవారీగా విన్నారు. ఫిడేలు కుర్రాడు ఈల కొంచెం ఎడమవైపు నుంచి వస్తోందన్నాడు. డ్రమ్మరు గడ్డం గోక్కుని, ఉంది, ఉందన్నాడు. గాయని కళ్లు మూసుకుని విని, హెడ్‌ఫోన్లు తీసి, చెల్లెలి వంక చూసింది. చెల్లెలు మూడుసార్లు విన్నది. కంప్యూటర్లో ఆ నలభై సెకన్ల శబ్దాన్ని గీతగా తెరిచి చూపించింది. అందులో ఏ ఈలా లేదని, తనకూ ఏమీ వినబడటం లేదని, కావాలంటే ఒట్టు పెడతానని చెప్పింది. గీతల్లో ఏముందమ్మా, మా చెవులమ్మగారికి వినబడిందంటే ఉన్నట్టే అని మేనేజరు కొట్టిపారేశాడు.

ఆ పిల్ల ముఖం చూస్తే చెవులమ్మకు జాలేసింది. ఆ జాలే కొంప ముంచింది. వరండాలోకి తీసుకెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ప్రేమగా చెప్పింది.

“ఏమనుకోకమ్మా. ఒకసారి చెవుల డాక్టరుకు చూపించుకో. పొద్దస్తమానం హెడ్‌ఫోన్లు పెట్టుకునే పని మనది. ముందు సన్న చప్పుళ్లే పోతాయి. పోయిన సంగతి మనకు తెలీదు.”

ఆ పిల్ల నెత్తురు చుక్క లేనట్టు పాలిపోయింది. సరేనండి అని కంప్యూటరు సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి బృందం చివరి పాటను పేరున్న స్టూడియోలో, పేరున్న మనిషి చేత మళ్లీ రికార్డు చేయించింది. చెల్లెలు ఫోన్లు బాగుచేసే దుకాణంలో చేరిందని, రికార్డింగ్ సామానంతా అట్టపెట్టెల్లో పెట్టేసిందని, డాక్టరు బాగానే ఉన్నాయన్నా నమ్మడం లేదని ఫిడేలు కుర్రాడు మాటల మధ్య చెప్పాడు. చెవులమ్మ అయ్యో అంది. అంతకంటే ఆమె చేయవలసింది ఏముందని?

కొత్త పాట నమూనా వచ్చిన రోజు ఉదయం పదింటికి చెవులమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. స్టూడియోవాడు బాగానే చేశాడు. తల్లి పిలుపు ముగింపుకు వస్తుండగా పెన్సిలు కిందికి దొర్లింది. తీసుకోవడానికి ఆమె వంగిందీ, పాట ఆగిందీ ఒక్కసారే. నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంది. ఈల ఉంది. అదే సన్నదనం, అదే స్థాయి. ఇదెక్కడి గోల, గోడౌన్లో ఉన్న ఈల స్టూడియోలోకి ఎలా వచ్చిందా అనుకుంటూ రాయడానికి కళ్లు తెరిచింది. హెడ్‌ఫోన్ల తీగ చివర ఆమె ఒళ్లో పడి ఉంది. వంగినప్పుడు ఊడి వచ్చేసింది.

ఆమె ఆ తీగ చివరను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. అది దేనికీ తగిలించి లేదు. ఈల మాత్రం వినబడుతూనే ఉంది.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. ఈల ఉంది. రెండు చెవులూ అరచేతులతో మూసుకుంది. ఇంకా బాగా వినబడింది. పెరట్లోకి వెళ్లి నీళ్ల తొట్టి దగ్గర నిలబడింది. అచ్చు యంత్రాల ఆవిరి చప్పుడులో ఈల కాసేపు మాయమైంది. ఆవిరి ఆగగానే మళ్లీ వచ్చింది. అప్పుడు ఆమెకు ఇంట్లో ఫ్రిజ్ గుర్తొచ్చింది. ఏడాదిగా ఫ్రిజ్ ఈల వేస్తోందని మెకానిక్కును మూడుసార్లు పిలిపించింది. ఏమీ లేదమ్మా అంటే వాడికి పని రాదంది. చివరికి ఫ్రిజ్‌ను వరండాలోకి మార్పించింది, అయినా దాని రొద తగ్గలేదని మొగుడితో పోట్లాడింది. పాపం ఆయన ఎందుకొచ్చిన గొడవని, నాకూ వినబడుతోందిలేవే అన్నాడు.

ఆమె తొట్టి గట్టు మీద కూలబడింది. ఇరవై ఆరేళ్లలో విన్న ఏ ప్లేటులోనూ నలభై సెకన్ల ఖాళీ లేదు. పాటకూ పాటకూ మధ్య ఉండేది నాలుగైదు సెకన్లే. అంతసేపు ఊరికే వినమని ఆమె చెవులను ఎవరూ అడగలేదు. అడిగింది ఆ పిల్ల. ఆ పిల్లకేనా తాను డాక్టరుకు చూపించుకోమని చెప్పింది!

చెబితే పేరు పోతుంది. పేరొక్కటేనా, ఏడాదిగా ఆమె పాస్ చేసిన ప్రతి ప్లేటు మీదా అనుమానం వస్తుంది. నోరు మూసుకుని ఈ కొత్త నమూనా బాగుందని రాసేస్తే అందరూ సుఖంగా ఉంటారు, ఆ పిల్ల ఒక్కతి తప్ప. నిక్షేపంలాంటి చెవులు పెట్టుకుని, అవి చెడిపోయాయని నమ్ముతూ, ఎవరి ఫోన్లకో అద్దాలు మారుస్తూ బతుకుతుంది. అలా జరగనివ్వకూడదు అనుకుంది చెవులమ్మ. అయినా మనిషి ఆశ ఎంత చెడ్డదో చూడండి. ‘ఒకవేళ నా చెవిలోనూ ఉండి, ప్లేటులోనూ ఉందేమో. ఇంతమందికి వినబడింది కదా’ అని ఒక ఆలోచన వచ్చింది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నం కొత్త నమూనా వినడానికి బృందం రావలసి ఉంది. చెల్లెలిని కూడా తీసుకురమ్మని చెవులమ్మ మేనేజరు చేత ఫోను చేయించింది. మేనేజరు వింతగా చూశాడు గానీ చేశాడు.

ఈసారి హెడ్‌ఫోన్లు కాదు, అందరూ ఒకేసారి వినేలా పెద్ద స్పీకర్లు పెట్టించింది. మేనేజరు, మాస్టారు కుర్చీల్లో, బృందం బెంచీ మీద కూర్చున్నారు. చెల్లెలు దుకాణం నుంచి నేరుగా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. గోళ్ల సందుల్లో నల్లటి జిగురు ఉంది. చెవులమ్మ కొత్త ప్లేటు పెట్టలేదు, గోడౌన్లో రికార్డు చేసిన మొదటిదే పెట్టింది. స్పీకర్ల స్విచ్చుకు అడ్డంగా, అందరి వైపు తిరిగి నిలబడింది. తల్లి పిలిచింది, పిలిచింది, పాట ఆగింది. ఆ క్షణంలోనే చెవులమ్మ చెయ్యి వెనక్కి పెట్టి స్విచ్చు తీసేసింది. ఎవరైనా ఒక్కరు, ఈల పోయిందే అంటారని ఆమె ఎదురుచూసింది. అప్పుడు ఈల ప్లేటులోదే అవుతుంది. ప్రాణాలన్నీ ఆ ఒక్క మాట కోసం ఉగ్గబట్టుకుని ఉంది.

“వినబడుతోందా?” అని అడిగింది.

మాస్టారు తలూపాడు. మేనేజరు, స్పష్టంగా ఉంది కదండీ అన్నాడు. ఫిడేలు కుర్రాడు ఎడమ స్పీకరు వైపు వేలు చూపించాడు. గిటారు మనిషీ డ్రమ్మరూ ఒకరినొకరు చూసుకుని ఔనన్నారు. గాయని కళ్లు తుడుచుకుంటూ, అదే ఈల, నిద్రలో కూడా అదే వినబడుతోందని అంది.

చెల్లెలు మాత్రం తల వంచుకుని, “నాకు వినబడట్లేదండీ. ప్లేటు తిరిగే గరగర కూడా వినబడట్లేదు. నిజంగానే పోయినట్టున్నాయి” అంది.

నలభై సెకన్లు అయిపోయాయి. డ్రమ్ము మోగలేదు. ప్లేటు తిరుగుతోంది, ముల్లు ముందుకు జరుగుతోంది. యాభై సెకన్లు, నిమిషం. ఫిడేలు కుర్రాడి వేలు ఇంకా ఎడమ స్పీకరు వైపే ఉంది. పాట ఎందుకు రావడం లేదో ముందుగా డ్రమ్మరుకు అనుమానం వచ్చింది. లేచి నిలబడ్డాడు. చెవులమ్మ పక్కకు జరిగింది. స్పీకర్ల మీద ఎర్ర దీపం వెలగడం లేదు.

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. అందరికంటే ఎక్కువ చెవులమ్మ. తన చెవులు పాడయ్యాయని పొద్దున్నే తెలిసింది, దానికి ఏడ్చి ముగించింది. ఇది మాత్రం ఆమె ఊహకు అందలేదు. నిక్షేపంలాంటి చెవులున్న ఆరుగురు, ఆపేసిన స్పీకర్లలోంచి ఈల విన్నారు.

“ఈల నా చెవిలో ఉంది. ప్లేటులో లేదు, ఎప్పుడూ లేదు. ఈ అమ్మాయి చేసింది నిక్షేపంగా ఉంది. నాకు పొద్దున తెలిసింది. మీకెవరికీ వినబడలేదని ఇప్పుడు తెలిసింది” అంది చెవులమ్మ. లోపాల కాగితాలు మూడూ తీసి, మూడింటి మీదా ‘తప్పు నాది’ అని రాసి మేనేజరు ముందు పెట్టింది. మాస్టారు తన సంతకాల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. కాగితాలు చేతికి తీసుకోలేదు.

చెల్లెలు తలెత్తింది. ఆ ముఖంలో సంతోషం వస్తుందని చెవులమ్మ అనుకుంది. రాలేదు. ఆ పిల్ల చూస్తున్నది చెవులమ్మను కాదు, అక్కను.

“నీక్కూడా వినబడలేదా?”

గాయని పెదవులు తడుపుకుంది. “ఆవిడ అంత ఖచ్చితంగా చెబుతుంటే, ఉందేమో అనుకున్నానే బుజ్జీ.”

“నేనూ ఖచ్చితంగానే చెప్పాను కదక్కా.”

చెల్లెలు కాసేపు ఆగింది, జవాబు వస్తుందేమోనని. తర్వాత దుకాణానికి టైమైందని చెప్పి వెళ్లిపోయింది.

ఆల్బమ్ గోడౌన్ పాటతోనే వచ్చింది. నలభై సెకన్లు నలభై సెకన్లలాగే ఉన్నాయి. చెవులమ్మ ఆ నెలాఖరుకు పని మానేసింది. మేనేజరు వద్దనలేదు. ఆమె స్థానంలో వినడానికి చెల్లెలిని రమ్మని మేనేజరు రెండుసార్లు కబురు పంపాడు. ఆ పిల్ల రాలేదు. ఆల్బమ్ అట్ట వెనక రికార్డింగ్ చేసినవారి పేరు వేయనివ్వలేదు కూడా. అక్క వచ్చి ఎంతగానో అడిగిందట. నేను చెప్పేది నమ్మినప్పుడు వేయండి అందట.

అచ్చైన మొదటి ప్లేటు తీసుకుని చెవులమ్మ ఆ ఫోన్ల దుకాణానికి వెళ్లింది. క్షమించమ్మా అని అడుగుదామని దారంతా మాటలు కూర్చుకుంది. గల్లా దగ్గర నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ప్లేటు బల్ల మీద పెట్టింది. ఆ పిల్ల చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, లేచి కుర్చీ జరిపింది.

“కూర్చోండి. మీ మీద నాకు కోపం లేదండీ. మీకు వినబడింది మీరు చెప్పారు” అంది.

చెవులమ్మ కూర్చుంది. ఆ మాట ఓదార్పో శిక్షో ఆమెకు తెలియలేదు. అక్క పేరు ఆ పిల్ల నోట రాలేదు.